కప్ప దూకే నీటి చప్పుడు

ప్రశ్న: నా వయసు 54. తెనాలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరును. పిల్లలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళిపోయాక సాయంత్రాలు ఖాళీ అయ్యాయి. తెలుగులో హైకూలు (మూడు పాదాల జపాను కవితలు) చదివి, మూలంలో అవి ఎలా వినిపిస్తాయో తెలుసుకోవాలన్న కుతూహలంతో ఏడు నెలల క్రితం ఫోనులో ఒక యాప్ పెట్టుకుని జపనీస్ మొదలుపెట్టాను. ఒక్క రోజూ మానకుండా 210 రోజులు పూర్తిచేశాను గాని, సొంతంగా ఒక్క వాక్యం అల్లలేకపోతున్నాను. నిన్న నేర్చుకున్న కంజి (చైనా నుంచి జపనీస్‌లోకి వచ్చిన లిపి గుర్తు) ఇవాళ గుర్తుండడం లేదు. మా వారు దాన్ని ‘గంజి’ అంటూ నవ్వుతారు. ఈ వయసులో జపాను వెళ్తావా, ఇది దేనికి పనికొస్తుంది అంటారు. ఆయనకేమో పొద్దున్నే పత్రికలో గళ్ళ నుడికట్టు నింపందే కాఫీ దిగదు. ఇంతకుముందు ఫ్రెంచి ఆరు నెలలు, ఉర్దూ మూడు నెలలు చదివి వదిలేశాను. పరీక్ష రాస్తే పట్టుదల వస్తుందా? రోజుకు 40 నిమిషాలకు మించి నాకు దొరకవు. లేదంటే ఇది మానేసి స్పానిష్ లాంటి సులువైన భాష పట్టుకోమంటారా?
ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

సమాధానం: మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. జపనీస్ వదలకండి. 210 రోజుల తర్వాత కూడా ఒక వాక్యం అల్లలేకపోవడానికి మీ వయసు గాని, జ్ఞాపకశక్తి గాని కారణమని నేను అనుకోవడం లేదు. మీరు జపనీస్‌ను ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటున్నారు, చిక్కంతా అక్కడుంది. యాప్ మీకు ఒక ఇంగ్లీషు వాక్యం చూపించి దాన్ని జపనీస్‌లోకి మార్చమంటుంది. ఇంగ్లీషులో కర్త పక్కనే క్రియ ఉంటుంది, జపనీస్‌లో క్రియ వాక్యం చివరికి పోతుంది, విభక్తులు ఇంగ్లీషులో మాటకు ముందు, జపనీస్‌లో మాటకు వెనక వస్తాయి. కనుక ప్రతి వాక్యాన్నీ తలకిందులు చేస్తే తప్ప పని జరగదు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి ఆ శ్రమ తప్పదు. తెలుగు వాక్యం పుట్టుకతోనే జపనీస్ వరసలో నడుస్తుంది కాబట్టి, మీరు పడుతున్న శ్రమ గుంటూరు నుంచి తెనాలి వెళ్ళడానికి హైదరాబాదు మీదుగా టికెట్టు కొన్నట్టుగా ఉంది.

హైకూల కోసమే మొదలుపెట్టానన్నారు కనుక, ఆ మాట హైకూతోనే చూపిస్తాను. జపాను కవి బషో 1686లో చెప్పిన కప్ప హైకూ మీరు తెలుగులో తప్పక చదివే ఉంటారు. మూలంలో అది ఇలా వినిపిస్తుంది:

ఫురుఇకె య
కవౙు తొబికొము
మిౙు నొ ఒతొ

‘ఫురుఇకె’ అంటే పాత కొలను. ‘య’ అన్నది ఒక విరుపు. చూపును కాసేపు అక్కడ నిలిపే అవ్యయం. ‘కవౙు’ కప్ప, ‘తొబికొము’ లోపలికి దూకడం, ‘మిౙు’ నీరు, ‘ఒతొ’ చప్పుడు. ఇప్పుడు చివరి రెండు పాదాలనూ ఒక్క మాట కూడా అటూ ఇటూ జరపకుండా తెలుగులో పెట్టి చూడండి: కప్ప దూకే నీటి చప్పుడు. అనువాదం అయిపోయింది. మన ‘నీరు’ను ‘నీటి’గా మార్చే ‘టి’ ఏ పని చేస్తోందో మధ్యలోని ‘నొ’ అదే పని చేస్తోంది. ‘తొబికొము’ అనే క్రియ ఒక నామవాచకం ముందు నిలబడగానే విశేషణమైపోయిన తీరు మన ‘దూకే’ తీరే. ఇంగ్లీషులో ఇదే చెప్పాలంటే చప్పుడు దగ్గర మొదలుపెట్టి, నీటి మీదుగా, కప్ప దగ్గరికి వెనక్కి నడవాలి. పైగా మూడు పాదాలకూ 5-7-5 అంటూ మనం తెలుగు హైకూల్లో అక్షరాలు లెక్కపెడుతుంటాం గాని, జపనీయులు లెక్కించేవి దాదాపు మన మాత్రలే. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు. తపాలా బిళ్ళను వాళ్ళు ‘కిత్తె’ అంటారు, అందులో ద్విత్వం వల్ల మొదటి అక్షరం గురువై మొత్తం మూడు మాత్రలవుతాయి. పదో తరగతిలో పద్యానికి గురులఘువులు గుర్తించిన చేతికి ఈ లెక్క కొత్త కాదు.

హైకూ ఒక్కటే అలా కుదిరిందేమోనని అనుమానం రావచ్చు. ‘కినో కత్త హొన్’ అంటే ‘నిన్న కొన్న పుస్తకం’; మూడు మాటలకు మూడు మాటలు, అదే వరసలో. ‘కురు తొ ఇత్త’ అంటే ‘వస్తానని అన్నాడు’; ఇందులో ‘తొ’ అచ్చంగా మన ‘అని’ చేసే పని చేస్తుంది. మన ని, కి, నుంచి, వరకు ఎలా మాట వెనక చేరుతాయో, ఒ, ని, కర, మదె అలాగే చేరుతాయి. ‘నాకు ఇద్దరు పిల్లలు ఉన్నారు’ అనే వాక్యం ‘వతషి ని వ కొదొమొ గ ఫుతరి ఇమస్’ అవుతుంది. ఇంగ్లీషువాడిలా పిల్లల్ని ‘కలిగి’ ఉండనక్కర్లేదు, మనలాగే ‘నాకు’ ఉంటారు. అందులోని ‘ఫుతరి’ని కూడా గమనించండి. రెండు అనే అంకెకు వాళ్ళకు వేరే మాట ఉంది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మనం ఒకరు, ఇద్దరు అన్నట్టు వాళ్ళు హితొరి, ఫుతరి అంటారు. ఇక నాకు బాగా ఇష్టమైనది ‘తబెతె మితె కుదసయ్’. ‘తబెతె’ అంటే తిని, ‘మిరు’ అంటే చూడడం, మొత్తం కలిపి ‘తిని చూడండి’. నోటితో చేసే పనికి కంటితో చేసే క్రియను జోడించాలని రెండు భాషలకూ ఎలా తోచిందో! అలాగే ‘కయితె ఒకు’ అంటే రాసి పెట్టడం. ‘ఒకు’కు విడిగా అర్థం పెట్టడమే. ఇంగ్లీషులో రాసిన వ్యాకరణాల్లో ఇవి విడివిడి పాఠాలుగా, పట్టికలతో, పారిభాషిక పదాలతో వస్తాయి. మీకు వాటిని కొత్తగా నేర్పాల్సిన పనిలేదు, ఉన్నాయని చెబితే చాలు.

ఈ పోలికలు చూసి రెండు భాషలూ అక్కాచెల్లెళ్ళని మాత్రం అనుకోకండి. జపాను పండితుడు సుసుము ఓనో తమిళానికీ జపనీస్‌కూ బంధుత్వం ఉందని చాలాకాలం వాదించాడు గాని, భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది దాన్ని ఒప్పుకోలేదు. క్రియతో ముగిసే భాషలు ప్రపంచంలో చాలా ఉన్నాయి, వాటి మధ్య ఇలాంటి పోలికలు రావడం సహజం. బంధుత్వం లేకపోయినా పోలిక మనకు ఉపయోగపడుతుంది, అంతవరకే దాని ప్రమేయం.

ఉచ్చారణ విషయంలోనూ ఇంగ్లీషు అక్షరాల వల్ల నష్టమే. హైదరాబాదులో నేను సాయంత్రం తరగతులకు వెళ్ళే రోజుల్లో, ఒక విందులో నలభై దాటని జపాను మహిళను నేను ఎంతో మర్యాదగా ‘ఒబాసన్’ అని పిలిచాను. ఆమె ముఖంలో నవ్వు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వచ్చింది. ‘ఒబసన్’ అంటే పిన్ని వయసు ఆవిడ, ‘ఒబాసన్’ అంటే అమ్మమ్మ. నా దగ్గరున్న పుస్తకంలో రెండు మాటలూ ఇంగ్లీషు అక్షరాల్లో ఒకేలా ఉండేవి, దీర్ఘం గుర్తులు వేయలేదు. నేను నా నోటికి వచ్చినట్టు సాగదీసుకున్నాను. అదే తెలుగు లిపిలో రాసుకుని ఉంటే ఆ పొరపాటు జరిగే అవకాశమే లేదు. హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు మన లిపిలో కళ్ళకు కనిపిస్తాయి. పైగా మనకు ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. హిందీ రాసేవారికి ఆ సౌకర్యం లేదు. ‘కొకొ’ అంటే ఇక్కడ, ‘కోకో’ అంటే హైస్కూలు. ‘బిరు’ అంటే పెద్ద భవనం, ‘బీరు’ అంటే బీరే. ఇంగ్లీషు వాళ్ళు పళ్ళ బిగువున నేర్చుకునే ‘ౘు’ శబ్దం, మన పెద్దవాళ్ళు చలిని ‘ౘలి’ అన్నప్పుడు పలికేదే. పరభాషా పదాలకు చివర అచ్చు తగిలించే అలవాటు కూడా ఇద్దరికీ ఉంది: మనం బస్సు అన్నదాన్ని వాళ్ళు ‘బసు’ అంటారు, హోటలును ‘హొతెరు’ అంటారు.

అందువల్ల ఒక కొత్త నోటుపుస్తకం పెట్టుకుని, అందులో ఇంగ్లీషు అక్షరం ఒక్కటి కూడా పడనీయకండి. ఒక వరసలో జపనీస్ వాక్యం, దాని కింద మాటకు మాట తెలుగు, ఎక్కడ అనుమానం ఉంటే అక్కడ ఉచ్చారణకు తెలుగు లిపి. ఏడు నెలలుగా చదువుతున్నారు కనుక హిరగన, కతకన అనే రెండు జపనీస్ లిపుల్లోనూ చెరి 46 మూలాక్షరాలు మీకు వచ్చే ఉంటాయి. రాకపోతే వాటి వరసను ఒకసారి పైకి చదవండి: అ, క, స, త, న, హ, మ, య, ర, వ. ఇది మన క, చ, ట, త, ప, య, ర, ల, వ వరసకు దగ్గరగా ఉండడం కాకతాళీయం కాదు. 806లో చైనా నుంచి తిరిగి వచ్చిన కూకై వంటి బౌద్ధ భిక్షువులు సంస్కృత మంత్రాల కోసం ‘సిద్ధం’ అనే పాత భారతీయ లిపిని జపానుకు తెచ్చి అధ్యయనం చేశారు, ఆ చదువులోంచే ఈ అక్షరక్రమం రూపుదిద్దుకుంది. మన ‘ప’ ఉండవలసిన చోట వాళ్ళకు ‘హ’ ఎందుకుందని మీ లెక్కల బుర్ర అడుగుతుంది. పాత జపనీస్‌లో ఆ అక్షరం ‘ప’ అనే పలికేదని భాషావేత్తలు చెబుతారు. ఇవాళ్టికీ ‘హ’ మీద చిన్న సున్న పెడితే ‘ప’, రెండు గీతలు పెడితే ‘బ’ అవుతుంది.

తెలుగు చేయి వదిలేసే చోట్లు కూడా ఉన్నాయి, వాటిని దాచడం న్యాయం కాదు. ‘వ’, ‘గ’ అనే రెండు ప్రత్యయాల తేడా మనకు వెంటనే దొరకదు. ‘నేనైతే రాను’ అన్నప్పటి ‘అయితే’ను మనసులో పెట్టుకుంటే ‘వ’ సగం దారి వరకు అర్థమవుతుంది, మిగతా సగం చదవగా చదవగా వస్తుంది. వెళ్తాను, వెళ్తావు, వెళ్తుంది అన్నిటికీ ‘ఇకు’ ఒక్కటే అని తెలిసినప్పుడు మొదట హాయిగా ఉంటుంది. తర్వాత తెలుస్తుంది ఇబ్బంది. మనం కర్తను వదిలేసినా క్రియ చివరి అక్షరం ఎవరో చెప్పేస్తుంది; వాళ్ళ క్రియ చెప్పదు, అయినా వాళ్ళూ కర్తను వదిలేస్తారు. దానికి బదులు వాళ్ళకు వేరే ఏర్పాట్లున్నాయి: నేను ఇతరులకు ఇస్తే ‘అగెరు’, ఇతరులు నాకు ఇస్తే ‘కురెరు’. మలయాళంలో ఇలాంటి తేడా ఉంది, మనకు లేదు కనుక దీన్ని ప్రత్యేకంగా సాధన చేయాలి. ఇక ‘హషి’ అనే మాట స్వరం దిగితే తినే పుల్లలు, ఎక్కితే వంతెన. ఇది చెవితో తప్ప పుస్తకంతో రాదు. గౌరవ వాచకాలు మాత్రం మీకు బరువు కావు. తన తండ్రిని ‘చిచి’ అని, ఎదుటివారి తండ్రిని ‘ఒతోసన్’ అని చెప్పడం, మా నాన్న, మీ నాన్నగారు అనే మన మర్యాదే.

కంజి విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో అసలు దిగులు అదే. జపాను ప్రభుత్వం నిత్య వ్యవహారానికని 2010లో సవరించి ప్రకటించిన పట్టికలో 2,136 కంజిలు ఉన్నాయి. జపాను పిల్లలకు ఒకటో తరగతి మొత్తానికి నేర్పేవి 80, ఆరేళ్ళ ప్రాథమిక విద్య పూర్తయ్యేసరికి 1,026. అక్కడే పుట్టి, వీధి బోర్డులన్నీ ఆ లిపిలోనే చూస్తూ పెరిగే బడిపిల్లలకు పెట్టిన వేగం అది. మీరు రోజుకు ఐదారు చొప్పున మింగాలనుకుంటే తెల్లారేసరికి కక్కడం తప్ప దారిలేదు.

మరొక భయం, ఒకే గుర్తుకు రెండు మూడు ఉచ్చారణలు ఉండడం. దీన్ని ఇంగ్లీషు పుస్తకం చదివి అర్థం చేసుకోవడం కష్టం, తెలుగువారికి మాత్రం ఒక్క ఉదాహరణ చాలు. మనం తాగేవి నీళ్ళు, కట్టేది జలాశయం. ‘నీళ్ళాశయం’ అని ఎవరూ అనరు. విడిగా ఉన్నప్పుడు అచ్చ తెలుగు మాట, సమాసంలోకి వెళ్తే సంస్కృతం. జపనీయులు చైనా నుంచి గుర్తులతోబాటు చైనా ఉచ్చారణలనూ తెచ్చుకున్నారు, తమ సొంత మాటలనూ వదులుకోలేదు. కాబట్టి నీటి గుర్తు విడిగా ఉంటే ‘మిౙు’, సమాసంలో ‘సుయ్’. నిప్పు విడిగా ‘హి’, కొండ విడిగా ‘యమ’. రెండింటినీ కలిపితే ‘హియమ’ కాదు, ‘కౙన్’. అర్థం అగ్నిపర్వతం. మనం మాత్రం నిప్పు, కొండ అనే మాటలు పెట్టుకుని నిప్పుకొండ అన్నామా? అగ్నిపర్వతమే అన్నాం. అందుకే కంజిని విడిగా, ఉచ్చారణల జాబితాతో సహా బట్టీ పట్టకండి. ఒక సొంత మాట, ఒక సమాసం, ఈ రెండింటిలో పెట్టి నేర్చుకోండి.

మొదటి ఏడు ఎక్కడ దొరుకుతాయంటే, మీ వంటింటి క్యాలెండరులో. జపాను వారాల పేర్లు కూడా మనలాగే గ్రహాల మీదివే. ఆదివారానికి సూర్యుడి గుర్తు, సోమవారానికి చంద్రుడిది. మిగతా ఐదు గ్రహాలకూ చైనా సంప్రదాయంలో నిప్పు, నీరు, చెట్టు, లోహం, మన్ను అని పేర్లున్నాయి, కనుక మంగళవారం నిప్పు, బుధవారం నీరు, గురువారం చెట్టు, శుక్రవారం బంగారం అని కూడా చదివే లోహం, శనివారం మన్ను. మంగళుణ్ణి మనం అంగారకుడంటాం, అంగారమంటే నిప్పుకణిక. ఈ ఒక్క చోటా రెండు సంప్రదాయాలు ఒకే రంగును చూశాయి. క్యాలెండరు మీద ఆ ఏడు గుర్తులనూ పెన్సిలుతో రాసుకుంటే పాలవాడి లెక్క చూసినప్పుడల్లా అవి కళ్ళబడతాయి. తర్వాతివి వీటిలోంచే పుడతాయి. చెట్టు గుర్తు రెండుసార్లు పక్కపక్కన రాస్తే తోపు, మూడుసార్లు పేర్చి రాస్తే అడవి. సూర్యుడి పక్కన చంద్రుణ్ణి పెడితే వెలుగు, చెట్టు పక్కన మనిషిని నిలబెడితే విశ్రాంతి. పెద్ద సంఖ్య కనిపించగానే కారణాంకాలుగా విడగొట్టే అలవాటు మీకు ఎటూ ఉంది. కంజి చూసినప్పుడు కూడా ముందు ఆ పనే చేయండి. అన్ని గుర్తులూ ఇలా కథ చెప్పవు. వాటిలో ఎక్కువ భాగం, ఒక ముక్క అర్థాన్నీ మరో ముక్క ఉచ్చారణనూ సూచించే రకం, అది కూడా మీకు క్రమంగా పట్టుబడుతుంది.

నిన్నటిది ఇవాళ గుర్తుండడం లేదన్నారు. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, తానే మరిచిపోయి, ఆ మరుపును కొలిచి 1885లో పుస్తకం వేశాడు. నేర్చుకున్న తొలి గంటల్లో, తొలి రోజులో మరుపు చాలా వేగంగా ఉంటుందని, ఆ తర్వాత నెమ్మదిస్తుందని ఆయన లెక్కలు చూపించాయి. ఆ ప్రయోగాలు చేసేనాటికి ఆయన వయసు ముప్పై అటూ ఇటూ. కాబట్టి మీకు జరుగుతున్నది వృద్ధాప్యం కాదు, మామూలు మరుపు. దానికి మందు, సరిగ్గా మరిచిపోబోయే వేళకు మళ్ళీ చూడడం. 1972లో సెబాస్టియన్ లైట్నర్ చెప్పిన అట్టపెట్టె పద్ధతి దీనికి చక్కగా సరిపోతుంది. చెప్పుల డబ్బా ఒకటి తీసుకుని ఐదు అరలు చేయండి. కొత్త చీటీ మొదటి అరలో పడుతుంది, గుర్తుంటే ముందుకు జరుగుతుంది, తప్పితే ఏ అరలో ఉన్నా మళ్ళీ మొదటికి వస్తుంది. మొదటి అర రోజూ చూడాలి, తర్వాతివి రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు రోజులకు ఒకసారి. ఇది గుణశ్రేఢి అని మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఫోనే సౌకర్యమనుకుంటే అంకి అనే యాప్ ఈ పనే చేస్తుంది, ఆండ్రాయిడ్ ఫోనులో అది ఉచితం. ‘అంకి’ అంటే జపనీస్‌లో కంఠస్థం చేయడమే. చీటీకి ఒకవైపు జపనీస్ వాక్యం, రెండోవైపు తెలుగు. విడి మాటలు వద్దు. రోజుకు మూడు కొత్త చీటీలు దాటనీయకండి.

స్పానిష్ సంగతి. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ లెక్క ప్రకారం, వృత్తికి సరిపడేంత భాష రావడానికి స్పానిష్‌కు సుమారు 600 నుంచి 750 తరగతి గంటలు, జపనీస్‌కు 2,200 గంటలు పడుతుంది. సులువైనది స్పానిష్ అనే మాట ఇలాంటి లెక్కల్లోంచే పుట్టింది. కాని అది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి వేసిన లెక్క. అదే సంస్థ తెలుగును 1,100 గంటల వర్గంలో పెట్టింది, మనకేమో తెలుగు నేర్చుకున్న జ్ఞాపకమే లేదు! లిపి భారం వల్ల మీకు కూడా జపనీస్ పొడవైన దారే, అందులో సందేహం లేదు. రోజుకు 40 నిమిషాలంటే ఏడాదికి దాదాపు 243 గంటలు; ఆ సంస్థ గమ్యం చేరాలంటే తొమ్మిదేళ్ళు. మీరు దౌత్యం నెరపబోవడం లేదు, హైకూ చదవాలనుకుంటున్నారు. తెలుగు మీదుగా వెళ్తే రెండేళ్ళలో, నిఘంటువు పక్కన పెట్టుకుని, తేలికపాటి హైకూలను మూలంలో చదవగలరని నా అంచనా. స్పానిష్‌లో కుర్చీ స్త్రీలింగమని గుర్తుంచుకోవడం మీకు ఎంతవరకు సంతోషం కలిగిస్తుందో నాకు తెలియదు. ఫ్రెంచి వదిలేసిన కారణం అలాంటిదే అయితే ఆ ఇంట్లోనూ అదే అత్తగారు. ఫ్రెంచి, ఉర్దూ వదిలేసినందుకు తప్పు చేసినట్టు రాశారు గాని, అందులో తప్పేముంది? ఉర్దూ మూడు నెలలు చదివిన మనిషికి దస్తావేజులో, జమాబందీలో వినిపించే మోత వేరు, అది మీ దగ్గరే ఉంది.

పరీక్ష విషయంలో నా అభిప్రాయం కొంచెం గట్టిగా ఉంటుంది. జపనీస్ సామర్థ్య పరీక్షను ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు స్థాయిల్లో, జూలైలో, డిసెంబరులో నిర్వహిస్తారు. అందులో ఉన్నవన్నీ ఎంపిక ప్రశ్నలే. మాట్లాడడాన్ని గాని, చేత్తో రాయడాన్ని గాని పరీక్షించరు. వాక్యం అల్లలేకపోవడం మీ బాధ, ఈ పరీక్ష వాక్యం అల్లమని అడగదు. ఉద్యోగానికో చదువుకో వెళ్ళేవారికి ఆ పత్రం అవసరం, వారికి నేను రాయమనే చెబుతాను. మీకు మాత్రం తేదీ ముందుంటేనే చేయి కదిలే స్వభావం ఉందనిపిస్తే, ఎన్5 ఒక్కసారి రాసి చూడండి, పిల్లలకు పెట్టే టీచరు తాను పరీక్ష రాయడం సరదాగా కూడా ఉంటుంది. అక్కడితో ఆపేయండి. ఎన్3 దాటాక పరీక్షకు వచ్చే వ్యాకరణమే చదవాలనిపించి, హైకూ పుస్తకం అటక ఎక్కడం నేను చాలామందిలో చూశాను.

40 నిమిషాలను ఇలా వాడుకోండి. పది నిమిషాలు చీటీలు. పదిహేను నిమిషాలు విని, విన్నదాన్ని గొంతెత్తి చదవడం. జపాన్ ఫౌండేషన్ వారి ఇరొదొరి పాఠాలు శబ్దంతో సహా ఉచితంగా దొరుకుతాయి, జపాను ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వరల్డ్ పాఠాలూ ఉచితమే. మిగిలిన పదిహేను నిమిషాలూ నోటుపుస్తకానివి, అసలు మార్పు అందులోనే వస్తుంది. ఆ రోజు జరిగిన సంగతి రెండు చిన్న వాక్యాల్లో ముందు తెలుగులో రాయండి, దాని కింద మాటకు మాట జపనీస్ పెట్టండి. ‘నిన్న బజారులో చేపలు కొన్నాను’ అన్నది ‘కినో ఇచిబ దె సకన ఒ కత్త’ అవుతుంది. మాటల వరస మార్చనక్కర్లేదు. తెలియని మాట ఒక్కటే వెతుక్కోవాలి. యాప్‌ను తీసేయమనను, బస్సు కోసం నిలబడినప్పుడు ఆడుకోండి. ఆ 210 ఏదో ఒక రోజు సున్నా అయినా కంగారు పడవద్దు. మాట్లాడేందుకు మనిషి కావాలనిపించినప్పుడు, తెలుగు సినిమాల మీద ఇష్టంతో తెలుగు నేర్చుకుంటున్న జపనీయులు ఉన్నారు, వారిలో ఒకరితో వారానికి అరగంట మాటల మార్పిడి పెట్టుకోండి. సగం సేపు వాళ్ళ తెలుగును మీరు దిద్దుతారు, సగం సేపు మీ జపనీస్‌ను వాళ్ళు దిద్దుతారు. ‘వెళ్ళి వస్తాను’ అని మనం ఎందుకంటామో వాళ్ళకు వివరించాల్సిన పనిలేదు. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు వాళ్ళు అనే ‘ఇత్తెకిమస్’కు అర్థం అదే.

మీ వారి మాట. ‘దేనికి పనికొస్తుంది’ అని ఆయన అడిగినప్పుడు నుడికట్టు ప్రస్తావన తీసుకురావడం న్యాయమే గాని, దాని వల్ల ఇంట్లో శాంతి పెరగదు. అంతకంటే, నుడికట్టు నింపే మనిషికి మాటల లోపలి పొరల మీద ఆసక్తి ఉండి తీరుతుంది. ‘తబెతె మితె’ అంటే ‘తిని చూడు’ అని ఒకసారి కాఫీ దగ్గర చెప్పి చూడండి, అగ్నిపర్వతం సంగతి మర్నాటికి దాచుకోండి. గంజి హాస్యం ఆయన ఎలాగూ మానరు, దానికి ఎబింగ్‌హౌస్ దగ్గర కూడా మందు లేదు.

వచ్చే నెలలో మీ నోటుపుస్తకంలోంచి రెండు వాక్యాలు పంపండి. తెలుగు లిపిలో కాదు, హిరగనలోనే, చేత్తో రాసి పంపండి; ‘వ’, ‘గ’ తారుమారైతే దిద్ది తిరిగి పంపుతాను.